గిలక లేని బావి

మా అమ్మమ్మగారి ఇంటి పెరట్లో ఒక బావి ఉండేది. ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతం; నేల రాతినేల, నీరు లోతు. ఏడు బారల చేంతాడు వదిలితే గాని చేద నీటిని తాకేది కాదు. బావి చుట్టూ మోకాలెత్తు గట్టు, ఆ గట్టురాళ్ళ మీద తాడు ఒరిపిడికి ఏళ్ళ తరబడి పడిన గాట్లు, పక్కనే బట్టలుతికే బండ, అన్నీ ఉండేవి. గిలక మాత్రం ఉండేది కాదు. అమ్మమ్మ గట్టుకు కాళ్ళు ఆనించి, బావిలోకి వంగి, తాడును ఒక చేయి తరువాత మరో చేయిగా పైకి లాగి నీళ్ళు తోడేది. ఉదయం పదిహేను చేదలు, సాయంత్రం పదిహేను. వంటకూ, స్నానాలకూ, గేదె కుడితికీ, కనకాంబరం మడికీ అవే నీళ్ళు.

మా తాతగారు కఠినుడు కారు. భార్య మీద చేయెత్తిన మనిషి కాదు, మాట తూలిన మనిషీ కాదు. ఆయన కంటికి ఆ బావిలో లోపమేదీ కనిపించలేదు, అంతే. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోబోతే తొట్టిలో నీళ్ళుండేవి. పెళ్ళయిన పదమూడో ఏట, వేసవిలో, అమ్మమ్మకు నడుము పట్టేసి మంచం దిగలేకపోయింది. మా అమ్మకు అప్పటికి తొమ్మిదేళ్ళు; అంత లోతు బావిలోంచి తోడగల వయసు కాదు. తాతగారే మూడు రోజులు నీళ్ళు తోడారు. నాలుగో రోజు పొద్దున్నే వడ్రంగి వచ్చాడు. సాయంత్రానికి బావికి రెండు వైపులా రెండు నిట్రాళ్ళు లేచాయి, వాటి మీద అడ్డదూలం, దాని నడుమ ఇనుప గిలక.

మా అమ్మ ఈ సంగతి నవ్వుతూనే చెబుతుంది. నాకు మాత్రం ఆ పదమూడేళ్ళు చాలాకాలంగా మనసులో మెదులుతున్నాయి. డబ్బు లేక ఆగిన పని కాదది. వడ్రంగికి ఒక రోజు కూలి, గిలక వెల, ఇంతే ఖర్చు. తెలియక ఆగిందీ కాదు. అదే వీధిలో మరి రెండు బావులకు గిలకలున్నాయి. ఆ ఇంట్లో లేనిది ఒక్కటే: ఆమె నడుము నొప్పిని ఖర్చుగా రాసుకునే పద్దు.

ఇక్కడి బడుల్లో మన పిల్లలు చిన్న తరగతుల్లోనే ఆరు సరళ యంత్రాల పేర్లు వల్లిస్తారు: మీట, గిలక, చక్రమూ ఇరుసూ, వాలు, చీల, మర. వీటిని తెలుగులో ఏమంటారని వారు అడిగితే పెద్దలు తడుముకుంటారు గాని, మన పాత వంటిల్లే వీటికి ప్రదర్శనశాల. అడకత్తెర మీట. కత్తిపీట అంచు చీల. కవ్వమూ తిరగలీ చక్రం, ఇరుసు జాతివి. ప్రయాణాల్లో వెంట తీసుకువెళ్ళిన మరచెంబుకు ఆ పేరు వచ్చిందే మూతకున్న మర వల్ల. యంత్రమంటే పనిని సులువు చేసేది అని బడిలో నిర్వచనం చెబుతారు. ఆ నిర్వచనంలో పని అనే మాటా సులువు అనే మాటా తేలిగ్గా కనిపిస్తాయి. నిలబెట్టి అడిగితే రెండూ తికమక పెడతాయి.

ముందు పని సంగతి. ఒక బరువును ఎంత ఎత్తుకు లేపామన్నదే భౌతికశాస్త్రంలో పనికి కొలత. అమ్మమ్మ చేదలో పది లీటర్ల నీరు పట్టేదనుకుందాం, లోతు 12 మీటర్లు, రోజుకు ముప్పై చేదలు. గుణిస్తే సుమారు 35,000 జౌళ్ళు. మనం తినే పొట్లాల మీద అచ్చువేసే క్యాలరీల్లో చెబితే ఎనిమిది చిల్లర. ఒక అరటిపండులో ఇంచుమించు 100 ఉంటాయి. అంటే ఆమె రోజంతా నీటికి అందించిన శక్తి అరటిపండులో పదోవంతు కూడా లేదన్నమాట. మన కండరాలు తిన్నదానిలో చాలా భాగాన్ని వేడిగా పోగొట్టుకుంటాయి గనుక దాన్ని నాలుగైదు రెట్లు చేసుకున్నా సగం పండు దాటదు. మరి సగం పండుతో తీరిపోయే పనికి ఒక మనిషి నడుము ఎందుకు విరిగింది?

ఆమె తాడు పట్టుకొని ఊపిరి తీసుకోవడానికి ఆగిన క్షణంలో చేద కదలడం లేదు గనుక, శాస్త్రం లెక్కలో ఆమె ఏ పనీ చేయడం లేదు. ఆ మాట ఆమె వేళ్ళకు చెప్పి చూడండి. శాస్త్రం పని అనేది నీటికి జరిగినదాన్ని. మనిషికి జరిగినదాని పేరు శ్రమ. మన భాషలో ఈ రెండు మాటలూ వేరువేరుగా ఉండటం మన అదృష్టం. వాటిని కలిపేసుకోవడం మాత్రం మనం చేసుకున్నదే.

గిలకలోని కిటుకు ఇక్కడే ఉంది. ఒకచోట బిగించిన గిలక బలాన్ని రవ్వంత కూడా తగ్గించదు. పది కిలోల చేదకు పది కిలోల లాగుడు తప్పదు. ఇరుసు దగ్గర రాపిడి వల్ల ఇంకాస్త ఎక్కువే. అది మార్చేది దిశను. పైకి లాగవలసిన తాడును కిందికి లాగనిస్తుంది. కిందికి లాగేటప్పుడు నడుము నిటారుగా నిలుస్తుంది, సొంత ఒంటి బరువే సాయం వస్తుంది, బావిలోకి తూలిపడతామన్న భయం ఉండదు. ఒక్క జౌలు కూడా ఆదా కాలేదు. అయినా ఆ తరువాత ముప్పై ఏళ్ళు అమ్మమ్మ ఆ బావిలోంచే నీళ్ళు తోడింది. పొయ్యి దగ్గరి పట్టకారూ ఇలాంటిదే. చేతి బలాన్ని అది పెంచకపోగా తగ్గిస్తుంది. కాని చేతిని సెగకు దూరంగా ఉంచుతుంది. సులువుకు బలం ఒక్కటే కొలత అనుకునేవారు ఆ పని ఎప్పుడూ చేసి ఉండరు.

బలాన్ని నిజంగా తగ్గించే ఏర్పాట్లు లేకపోలేదు. గిలకను బరువుకే కట్టి, తాడుతో పాటు అదీ పైకి కదిలేలా చేస్తే, సగం బలంతో లాగవచ్చు. అయితే తాడు రెట్టింపు పొడవు లాగాలి. ఈ బేరం ఎక్కడా తప్పదు. యంత్రాలతో ప్రకృతిని మోసగించి లాభం పొందవచ్చనుకునే నిపుణులు భ్రమపడుతున్నారని గెలీలియో 1600 ప్రాంతంలో యంత్రాలపై రాసిన చిన్న గ్రంథంలో వివరించాడు. బలంలో మిగిలినది దూరంలో చెల్లించాలి. తగిన చోటు దొరికితే మీటతో భూమినే కదిలిస్తానన్నాడని ఆర్కిమెడీస్ గురించి చెబుతారు. అరవై కిలోల మనిషి అంత పనికి దిగి, భూమిని ఒక్క మిల్లీమీటరు లేపాలంటే మీట రెండో కొస ఎంత దూరం కదలాలో లెక్క వేశాను. ఆ దూరాన్ని దాటడానికి కాంతికే పదివేల ఏళ్ళు పైన పడుతుంది. ఆయన మాట అబద్ధం కాదు; చెల్లించవలసిన మొత్తం మాత్రం చెప్పలేదు.

చెల్లింపు తప్పనిదే అయినప్పుడు ఈ యంత్రాల వల్ల ఒరిగిందేమిటి? బలం లేనివారికి వాయిదాల మీద చెల్లించే వీలు దొరికింది. ఒక్కసారిగా ఎత్తలేని మూటను వాలు మీద నెమ్మదిగా తోసుకుపోవచ్చు. బలవంతుడికి అవసరం లేని సౌకర్యమిది. వృద్ధులకూ, పిల్లలకూ, గర్భిణులకూ, జబ్బుపడి లేచినవారికీ ఇదే ప్రాణాధారం. అందుకే యంత్రం గురించిన ప్రశ్న విజ్ఞానశాస్త్రంలో మొదలై ధర్మశాస్త్రంలోకి నడిచి వస్తుందని నాకనిపిస్తుంది.

అయితే సులువును అనుమానించిన జ్ఞానులు కూడా ఉన్నారు. వారిని తేలిగ్గా తోసేయకూడదు. 2,000 ఏళ్ళకు పైబడిన చైనా గ్రంథం జువాంగ్జీలో ఒక కథ ఉంది. కన్ఫ్యూషియస్ శిష్యుడైన జిగోంగ్ దారిలో ఒక ముసలి తోటమాలిని చూస్తాడు. ఆ ముసలాయన బావిలోకి దిగి, కుండతో నీళ్ళు మోసుకొచ్చి, మడికి పోస్తున్నాడు. శ్రమ ఎంతో, ఫలితం అంతంతమాత్రం. జిగోంగ్ ఆయనకు ఒక యంత్రం గురించి చెబుతాడు: దూలానికి నడుమ ఆనిక, ముందు తేలిక, వెనుక బరువు, రోజుకు వంద మడులు తడుపుతుంది. అది మన ఏతమే. మన పల్లెల్లో వెనుక బరువుకు బదులు మనిషే ఆ దూలం మీద ముందుకూ వెనక్కూ నడిచి ఏతం తొక్కేవాడు. తోటమాలికి కోపం వచ్చి, ఆపైన నవ్వి, అలాంటి యంత్రమున్నదని తనకూ తెలుసునని, దాన్ని వాడటానికి సిగ్గుపడుతున్నానని అంటాడు. యంత్రం వాడితే పనులు యాంత్రికమవుతాయి, పనుల వెంట మనసూ యాంత్రికమవుతుంది, అప్పుడు లోపలి స్వచ్ఛత పోతుంది. ఇదీ ఆయన భయం.

ఈ కథ చదివినప్పుడల్లా నేను తోటమాలి పక్షానే మొగ్గుతాను. చేతిలోని ఫోను వంక చూసుకుంటే ఆయన భయం అక్షరాలా నిజమయిందనిపిస్తుంది. కాని కథలోని ఒక చిన్న వివరం మరచిపోకూడదు. కుండ మోస్తున్నది ఆయనే. తన నడుముతో తాను చెల్లించి తన మనసును కాపాడుకుంటున్నాడు. అది తపస్సు; దానికి చేతులెత్తి నమస్కరించవచ్చు. ఆయన గట్టు మీద కూర్చొని, కోడలి చేత కుండ మోయిస్తూ ఇదే మాట చెప్పి ఉంటే, దాన్ని ఎవరూ తత్త్వమనేవారు కాదు. తన సులువును తాను వదులుకోవడం త్యాగం. ఇంకొకరి సులువును మనం వదిలేయడానికి వేరే పేరుంది.

ఈ తేడా మన గోష్ఠుల్లో తరచు చెరిగిపోతూ ఉంటుంది. తిరగలి తిప్పినన్నాళ్ళూ మన ఆడవాళ్ళు ఆరోగ్యంగా ఉన్నారు, మిక్సీ వచ్చి చెడగొట్టింది అనే మాట నేను ఎన్ని పండుగ భోజనాల్లో విన్నానో లెక్క లేదు. ఆ మాట అన్న పెద్దమనుషుల్లో తిరగలి పిడి పట్టినవారు ఒక్కరు కూడా నాకు తారసపడలేదు. తిరగలి పాటలు, దంపుడు పాటలు మన జానపద సాహిత్యంలో గొప్ప సంపద, నిజమే. తెల్లవారుజామున చీకట్లో లేచి, ఇంటిల్లిపాది గింజలూ విసరవలసిన స్త్రీలు నిద్ర ఆపుకోవడానికీ, చేయి లయ తప్పకుండా ఉండటానికీ, నోరు విప్పి చెప్పుకోలేని అత్తింటి కష్టాన్ని రాగంలో కలిపి బయటపెట్టుకోవడానికీ పాడుకున్నవి అవి. పాటను ప్రేమించడానికి ఆ రాయి మళ్ళీ ఎవరి చేతికో ఇవ్వనక్కరలేదు. మన పిల్లలు ఆ పాటలు నేర్చుకోవాలి; అవి ఎందుకు పుట్టాయో కూడా తెలుసుకోవాలి.

పోయినదేమీ లేదని నేననను. కుళాయి వచ్చాక మా అమ్మమ్మ ఊరి బావుల దగ్గర మాటలు ఆగిపోయాయి. ఎవరింట్లో పురుడు, ఎవరింట్లో పేచీ అన్నది గిలకల చప్పుడు మధ్య తెలిసేది. ఆ తరువాత ఎవరి గుమ్మంలో వారే ఉండిపోయారు. ఇది చిన్న నష్టం కాదు. అయినా ఆ నష్టాన్ని ఎత్తి చూపే హక్కు ముందు నీళ్ళు మోసినవారిది, ఆ తరువాతే నాది.

శ్రమ ఎవరిదన్న సంగతిని అరిస్టాటిల్ స్పష్టంగా చూశాడు, చూసి పక్కకు తప్పుకున్నాడు. నాడె తనంత తానే నేయగలిగితే, వీణ వంటి వాద్యాన్ని మీటే పుల్ల తనంత తానే మీటగలిగితే, యజమానులకు బానిసలతో పని ఉండదని రాజనీతి గ్రంథంలో రాశాడు. ఆ ఒక్క వాక్యంలో బానిసత్వం గుట్టంతా ఉంది. యంత్రం చేయవలసిన చోట మనిషిని నిలబెట్టారు. అంత దూరం వచ్చి, అలాంటి నాడె లేదు గనుక బానిస ఉండవలసిందేనన్న దిక్కుకే ఆయన ఆలోచన తిరిగింది. మంచి నాడె తయారు చేద్దామన్న ఊహ రాలేదు.

పరాయివాణ్ణి తప్పుపట్టి ఊరుకోవడం మర్యాద కాదు. మన ఊరి బావుల కథలో నేను ఇంతదాకా చెప్పని భాగం ఒకటుంది. ఆ బావుల గట్టెక్కే హక్కు అందరికీ లేదు. దళితవాడ స్త్రీలు దూరంగా కుండలు పెట్టుకొని, ఎవరో ఒకరు దయతలచి పోసేదాకా నిలబడవలసిన ఊళ్ళు మన తెలుగు నేలంతటా ఉండేవి. వారికి గిలక ఉన్నా లేకపోయినా ఒకటే. అమ్మమ్మ శ్రమ తాతగారి పద్దులో లేదని బాధపడుతున్నాను. ఎండలో నిలబడినవారి శ్రమ అమ్మమ్మ పద్దులోనైనా ఉందో లేదో ఆమె ఉన్నప్పుడు అడగలేదు.

గాంధీజీ యంత్రాలకు శత్రువని చాలామంది నమ్మకం. 1924లో ఒక సంభాషణలో ఆయన కుట్టుమిషనును మినహాయింపుగా పేర్కొన్నాడు. భార్య చేతికుట్టుతో పడే అవస్థ చూడలేక సింగర్ దాన్ని తయారు చేశాడని, దాని వెనుక ప్రేమ ఉందని ఆయన భావన. 1929లో మెరుగైన రాట్నం తయారు చేసినవారికి లక్ష రూపాయల బహుమతి కూడా ప్రకటించారు. ఆ కాలంలో లక్ష అంటే మాటలు కాదు. యంత్రాన్ని ఆయన అడిగిన ప్రశ్న ఒకటే అనుకుంటాను: నువ్వు ఎవరి చేతికి సాయం వచ్చావు, ఎవరి చేతిలో పని లాక్కున్నావు? మోటార్ల కాలంలో ఈ ప్రశ్న ఇంకా చిక్కుపడింది. గిలక తన లెక్కను కళ్ళముందే చూపిస్తుంది. లాగే చేయి, లేచే చేద, నడుమ తాడు. హైదరాబాదులో ఒక ఇంట్లో గ్రైండరు తిరుగుతుంటే ఆ తిరుగుడులో కొంత సింగరేణి గనిలో దిగినవాడి చెమట అని వంటింట్లో ఎవరికీ కనిపించదు. క్షీరసాగర మథనంలో మందరమే కవ్వం, వాసుకే తాడు. దేవతలూ రాక్షసులూ రెండు వైపులా పట్టి చిలికారు, పేరు వారిదే. కొండ అడుగున వీపు పెట్టి ఆ ఒరిపిడినంతా భరించినది కూర్మం, నీటి కింద, ఎవరికీ కనబడని చోట.

ఆలయ పత్రికలో రాస్తున్నాను గనుక తిరుమల మాట చెప్పకపోతే వెలితి. ఆ కొండ ఒక్కటే, ఎత్తు ఒక్కటే. ఎక్కడానికి మూడు వాలులు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దూరం సుమారు 9 కిలోమీటర్లు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు సుమారు 19 కిలోమీటర్లు. దారి పొడవు పెరిగినకొద్దీ వాలు మెత్తబడింది. గెలీలియో చెప్పిన బేరం సప్తగిరుల మీద గీసి ఉంది. రోడ్డు వచ్చాక భక్తి పలుచబడిందనే వారున్నారు. నాకు తోచేది వేరు. రోడ్డు లేనినాడు మెట్లెక్కడం తప్పనిసరి. ఎక్కలేనివారు కొండ కిందనే దణ్ణం పెట్టుకొని వెనుదిరగాలి, లేదా డోలీలో ఇంకొకరి భుజాల మీద వెళ్ళాలి. రోడ్డు వచ్చిన తరువాతే, బస్సు ఉండి కూడా మోకాళ్ళతో మెట్లెక్కే వాడి మొక్కు పూర్తిగా అతని సొంతమయింది.

ఆ డోలీ ఇంకా చరిత్రలో కలిసిపోలేదు. పాడేరు, అరకు వైపు మన్యం కొండల్లోని కొన్ని గూడేలలో నొప్పులు పడుతున్న గర్భిణిని ఈనాటికీ కర్రకు కట్టిన డోలీలో మోసుకొని, వాగులు దాటి, వాహనం వచ్చే చోటికి చేర్చవలసి వస్తోంది. కొండ మీదికి రోడ్డు అంటే ఏమిటి? ఒక వాలు. ఆరు సరళ యంత్రాల్లో అన్నిటికంటే పాతవాటిలో ఒకటి. మనిషి దాన్ని కనిపెట్టి వేల ఏళ్ళయింది. ఆ గూడేనికి ఇంకా చేరలేదు.

ఇంత రాసిన నేను నా సంగతి దాచితే తాతగారికి అన్యాయం చేసినట్లవుతుంది. పూర్వం మేము ఇదే దేశంలో మరో ఊళ్ళో ఉండేవాళ్ళం. అక్కడి ఆలయానికి ముందు ఏడు మెట్లు. చక్రాల కుర్చీలో వచ్చే పెద్దావిడ ఒకరు ఉండేవారు. మెట్ల దగ్గరికి రాగానే నలుగురు కుర్రాళ్ళు కుర్చీతో సహా ఆమెను పైకి ఎత్తేవారు. చూడటానికి ముచ్చటగా ఉండేది. ఫొటోలు కూడా తీశాం. వాలుదారి కట్టాలన్న ప్రతిపాదన ఒకసారి కార్యవర్గం ముందుకు వచ్చింది. 1990లో ఇక్కడ వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం మత సంస్థలకు మినహాయింపు ఇచ్చింది గనుక ఆ చట్టం మనల్ని కట్టడి చేయదని ఒకరు చెప్పారు. గోపురం ఎదుటి శోభ చెడుతుందని మరొకరు. మన పిల్లలు ఎత్తుతూనే ఉన్నారు కదా అని ఇంకొకరు. వచ్చే ఏడు చూద్దామని చేతులెత్తినవారిలో నేనూ ఒకణ్ణి.

కొన్నాళ్ళకు ఆవిడ రావడం మానేశారు. ఇంటికి వెళ్ళి అడిగితే చెప్పారు: "నలుగురూ నన్ను భుజాలకెత్తుకుంటే గుళ్ళో ఉన్నవాళ్ళంతా ఇటే చూస్తారు నాయనా. స్వామిని చూద్దామని వచ్చి నేనే ఉత్సవ విగ్రహాన్ని అయిపోతున్నాను." ఆ మాటలో నిందేమీ లేదు, నవ్వుతూనే అన్నారు. నేను ఆ రాత్రి లెక్క వేశాను. మెట్టు ఒక్కోటి ఏడు అంగుళాలు, మొత్తం 49 అంగుళాలు. ఇక్కడి ప్రమాణం ప్రకారం ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు కావాలి. అంటే 49 అడుగుల వాలు. ముప్పై అంగుళాలు ఎక్కాక ఊపిరి తీసుకోవడానికి అయిదు అడుగుల చదును. చేతికి పట్టు. కాంక్రీటు, ఇనుప కమ్మీలు, రెండు వారాల పని. ఆ లెక్క వేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చేతులెత్తే ముందు ఆ ఇరవై నిమిషాలు నా దగ్గర లేవా? పద్దు లేదు, అంతే.

రెండేళ్ళ తరువాత వాలుదారి వచ్చింది. అప్పటికి ఆవిడ కొడుకు ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయారు. ఆ దారిని ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది తోపుడు బండ్లలో పసిపిల్లలను తెచ్చే తల్లులు, మోకాళ్ళ శస్త్రచికిత్స అయినవారు, అభిషేకానికి పాలడబ్బాలు దొర్లించుకొచ్చే అర్చకస్వామి. ఇంతమందికి అది కావాలని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఉన్నంతలో సర్దుకున్నారు. సర్దుకుపోయేవారి శ్రమ ఎవరికీ వినిపించదు. మా అమ్మమ్మ కూడా పదమూడేళ్ళలో ఒక్కసారి గిలక అడగలేదట. ఎందుకు అడగలేదని అమ్మ ఒకసారి అడిగితే, అడగవచ్చని తోచలేదే అన్నదట.

ఇప్పుడు మేమున్న ఊరి ఆలయంలో ప్రతి ఆదివారం పులిహోర చేస్తారు. పెద్ద గుండిగ, అన్నంతో నిండితే ముప్పై కిలోలకు తక్కువ ఉండదు. దాన్ని పొయ్యి మీంచి దించి, చెరో వైపు పాతగుడ్డతో పట్టుకొని, వంటగది నుంచి భోజనశాలకు ఇద్దరు ఆడవాళ్ళు మోస్తారు. ఇద్దరికీ అరవై దాటాయి. నాలుగేళ్ళుగా ఆ పులిహోర తింటున్నాను. మొన్న ఆదివారం, ఈ వ్యాసం సగంలో ఉండగా, చక్రాల బల్ల ఒకటి ఉంటే బాగుంటుందా అండీ అని అడిగాను. "ఇన్నాళ్ళూ అలవాటే కదండీ" అన్నారు ఒకావిడ, గుండిగ దించి నడుము మీద చేయి వేసుకుంటూ. కారులోంచి టేపు తెచ్చి కొలిచాను. వంటగది గుమ్మం వెడల్పు 34 అంగుళాలు, బల్ల పడుతుంది. గడప ఒకటి అడ్డం ఉంది, అంగుళంన్నర ఎత్తు. దానికి ఇటు ఒకటి, అటు ఒకటి, అడుగున్నర వాలుచెక్కలు చాలు.